ఆరు జట్లు తిరిగిన స్కుటారోకు ఎవరు సరిగ్గా వెల కట్టారు?

ఒక జట్టులో కుదురుకోకుండా ఊళ్లు మారుతూ ఆడేవాణ్ణి బేస్‌బాల్‌లో జర్నీమ్యాన్ అంటారు. ఆ మాటలో కాస్త చులకన ఉంది. వెనిజులాలో పుట్టిన ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర నిలబడి ఫీల్డింగ్ చేసేవాడు) మార్కో స్కుటారో విషయంలో మాత్రం ఆ చులకన అతణ్ణి వదులుకుంటూ పోయిన జట్లకే దక్కాలని నాకనిపిస్తుంది.

1994లో క్లీవ్‌లాండ్‌తో ఒప్పందం చేసుకున్న స్కుటారో, అమెరికా బేస్‌బాల్‌లో అగ్రస్థాయి అయిన మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడేసరికి 2002 వచ్చింది, వయసు 26కు చేరింది. ఈలోగా క్లీవ్‌లాండ్ అతణ్ణి మిల్వాకీకి ఇచ్చేసింది, అక్కణ్ణుంచి న్యూయార్క్ మెట్స్ వేవర్స్ ద్వారా తీసుకుంది; తొలి మ్యాచ్ తర్వాత, 2003లో, మెట్స్ నుంచి ఓక్‌లాండ్ కూడా అలాగే తీసుకుంది. వేవర్స్ అంటే ఒక జట్టు అట్టే పెట్టుకోదలచని ఆటగాణ్ణి మరో జట్టు నామమాత్రపు రుసుముతో తెచ్చుకోవడం. అందులో అతని ఇష్టాయిష్టాలతో పని లేదు. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండితే గాని జట్టును ఎంచుకునే స్వేచ్ఛ సాధారణంగా రాదు కనుక, ఈ సంచారంలో చాలా భాగం అతను కోరుకున్నది కాదు.

సెకండ్ బేస్, షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్, ఎక్కడ నిలబెట్టినా ఆడేవాడు. బ్యాటు ఊపితే బంతి తప్పడం అరుదు: 2012లో 680కి పైగా సార్లు బ్యాటింగ్‌కు దిగి, స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) అయింది 49 సార్లే. అయితే కెరీర్ మొత్తంలో హోమ్ రన్లు (సాధారణంగా మైదానం దాటించే దెబ్బలు) 77 మాత్రమే కావడంతో, బలమైన దెబ్బకు ధర పలికే బజారులో అతను చవక సరుకుగానే మిగిలిపోయాడు.

2012 జులైలో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ పేరున్న ఆటగాడు హాన్లీ రామిరెజ్‌ను తెచ్చుకుంటే, ప్రత్యర్థి శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ పెద్ద ఆర్భాటం లేకుండా కొలరాడో నుంచి స్కుటారోను తెచ్చుకుంది. జెయింట్స్ తరఫున ఆ సీజన్‌లో ఆడిన 61 మ్యాచ్‌ల్లో అతని బ్యాటింగ్ సగటు .362, అంటే వెయ్యి అవకాశాలకు 362 హిట్ల (బంతిని కొట్టి బేస్ చేరడం) లెక్క. సెయింట్ లూయిస్‌తో నేషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ రెండో మ్యాచ్‌లో ప్రత్యర్థి ఆటగాడు మ్యాట్ హాలిడే బేస్ వైపు జారుతూ వచ్చి ఢీకొట్టినా, సిరీస్ ముగిసేసరికి 28 అవకాశాల్లో 14 హిట్లు కొట్టి ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. ఏడో మ్యాచ్‌లో జోరువానలో అతను పట్టిన చివరి క్యాచ్ హాలిడేదే! వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌లో డెట్రాయిట్‌పై విజయ పరుగు తెచ్చిందీ అతని సింగిలే (ఒక బేస్ చేర్చే హిట్).

ఆ తర్వాత జెయింట్స్ అతనితో మూడేళ్ల కాలానికి 2 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2013లో, 37 ఏళ్ల వయసులో, తొలిసారి ఆల్‌స్టార్ (ఏటా మేటి ఆటగాళ్లతో జరిగే మ్యాచ్‌కు ఎంపికైనవాడు) అయ్యాడు. నడుము దెబ్బతిని 2014లో ఐదు మ్యాచ్‌లే ఆడగలిగాడు. ఒప్పందం దండగన్నవారున్నారు. ఏళ్ల తరబడి అతని పని చవగ్గా దొరికిన సంగతి వారి లెక్కలోకి రాలేదు. జెయింట్స్ కూడా 2015 జనవరిలో అతణ్ణి విడుదల చేసింది, కానీ వెన్ను శస్త్రచికిత్స నుంచి తమ వద్దే కోలుకునేలా కొద్ది రోజుల్లోనే మైనర్ లీగ్ (మేజర్ లీగ్‌కు కింది స్థాయి) ఒప్పందంతో మళ్లీ చేర్చుకుంది.