ముందు మనుషుల లెక్క తేలాలి

బ్రిటన్ బయటికి పోతానన్నప్పుడు ఐరోపా సమాఖ్య ఏం చేసిందన్నది ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ తెలుగువాళ్లు శ్రద్ధగా గమనించాల్సిన విషయం. 2016 జూన్ 23 నాటి రెఫరెండంలో బ్రిటన్ ఓటర్లలో 51.9 శాతం మంది బయటికే మొగ్గారు. మిగిలిన 27 దేశాలు ఎవరి బేరం వాళ్లు చూసుకోకుండా ఫ్రాన్స్ నాయకుడు మిషెల్ బార్నియేను చర్చల్లో అందరి తరఫునా కూర్చోబెట్టాయి. 2017 జూన్‌లో చర్చలు మొదలయ్యాయి. వ్యాపారం సంగతి కూడా పక్కపక్కనే తేల్చుకుందామని బ్రిటన్ పట్టుబట్టింది. సమాఖ్య ఒప్పుకోలేదు. అటూ ఇటూ స్థిరపడిన జనం హక్కులు, బ్రిటన్ కట్టాల్సిన బాకీ, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కూ సమాఖ్యలో ఉన్న ఐర్లండ్‌కూ మధ్య సరిహద్దు... ఈ మూడూ ఒక కొలిక్కి వచ్చాకే మిగతా మాటలంది.

ఆ వరుస సరైనదని మేము గట్టిగా నమ్ముతున్నాం. అప్పటి అంచనాల ప్రకారం బ్రిటన్‌లో 30 లక్షల మందికి పైగా ఐరోపా పౌరులున్నారు, ఐరోపాలో సుమారు 10 లక్షల మంది బ్రిటిష్‌వాళ్లున్నారు. సరుకుల బేరంలో వీళ్లు పావులై ఉంటే ఎన్ని ఇళ్లు చెదిరిపోయేవో! 2020 డిసెంబరు 31 నాటికి చట్టబద్ధంగా ఎక్కడ నివాసముంటే అక్కడే ఉండే హక్కు, పనిచేసుకునే హక్కు, పింఛను హక్కు ఒప్పందంలో రాసుకున్నారు. అమలును చూడటానికి బ్రిటన్‌లో ఒక స్వతంత్ర సంస్థను కూడా పెట్టారు. తాత్కాలిక నివాస హోదా ఉన్నవాళ్లు గడువులోగా మళ్లీ దరఖాస్తు చేసుకోకపోతే హక్కులు పోతాయని అక్కడి ప్రభుత్వం నిబంధన పెడితే, ఆ సంస్థే కోర్టుకెక్కింది. ఆ నిబంధన చట్టవిరుద్ధమని 2022 డిసెంబరులో హైకోర్టు తీర్పు చెప్పింది.

మన దగ్గర జరిగింది వేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం ఇటు ఒడిశాలోకి వచ్చింది, సంస్థానంలో చాలా భాగం మద్రాసు వైపే ఉండిపోయింది. దశాబ్దాలపాటు ఈ ఊళ్లోనే ఉండి తెలుగుకూ సవర భాషకూ సేవ చేసిన గిడుగు రామమూర్తి ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అందరూ అలా వెళ్లలేరు కదా. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే ఏర్పాట్లు రాష్ట్రాలు చేయాలన్న 350ఎ అధికరణం రాజ్యాంగంలోకి వచ్చింది 1956లో. సరిహద్దు గీత పడ్డ ఇరవై ఏళ్లకు! ఈలోగా ఒక తరం పిల్లల చదువు ఏ హామీ లేకుండానే గడిచిపోయింది. ఒడియా పొరుగువాళ్లతో మాకు ఏ తగువూ లేదు. పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య పెళ్లిళ్లు, రాకపోకలు గీతను పట్టించుకోకుండానే సాగుతున్నాయి. మా బాధల్లా పాలకులు గీత ముందు గీసి, మనుషుల సంగతి తర్వాత చూసుకుందామనుకోవడం మీదనే.

సమాఖ్య చేసిందంతా ఒప్పేనని మేము అనం. 1998 శాంతి ఒప్పందంతో ప్రశాంతంగా ఉన్న ఐర్లండ్ సరిహద్దులో మళ్లీ తనిఖీలు రాకూడదని ఏళ్ల తరబడి వాదించింది సమాఖ్యే. అలాంటిది 2021 జనవరి 29న, కొవిడ్ టీకాల ఎగుమతి గొడవలో, అదే సరిహద్దు మీద ఆంక్షలకు సిద్ధపడింది. ఐర్లండ్ రాజధాని డబ్లిన్, లండన్, ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్ ఒక్కసారిగా మండిపడటంతో కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. సరిహద్దు జనానికిచ్చిన మాట కష్టకాలంలో తప్పబోవడం క్షమించదగిన పొరపాటు కాదు. ఆ తర్వాత ఉత్తర ఐర్లండ్ సరుకుల రవాణా మీద 2023లో కుదిరిన విండ్సర్ ఒప్పందం, 2025 మేలో లండన్‌లో జరిగిన శిఖరాగ్ర సమావేశం రెండు పక్షాలనూ మళ్లీ దగ్గర చేశాయి.

కొటియా విషయంలో ఈ అనుభవం ఇప్పుడే అక్కరకు రావాలి. కోరాపుట్ జిల్లా పొట్టంగికీ ఆంధ్రలోని సాలూరుకూ మధ్య ఉన్న ఆ గిరిజన గ్రామాల వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడ రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న ఇళ్లున్నాయి. రెండు ప్రభుత్వాలూ రోడ్లేసి, పథకాలిచ్చి ఊళ్లు తమవేనంటున్నాయి. రేపు గీత ఎటు పడితే అటు, అవతలి రాష్ట్రమిచ్చిన పింఛను, రేషను, అటవీ భూమి పట్టా, పిల్లల కుల ధ్రువపత్రం ఏమవుతాయి? భువనేశ్వర్, అమరావతి ముందు దీని మీద రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. ఊళ్లు ఎవరివన్న వాదన ఆ తర్వాత ఎంతకాలమైనా సాగనివ్వండి.