ఒక్క తూటా కూడా పేల్చలేదట!

మార్చి ఒకటి వచ్చిందంటే చాలు, చుట్టాల గ్రూపు, కాలేజీ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, అన్నిట్లో ఇదే మెసేజ్: "జలియన్‌వాలాబాగ్ ఘోరానికి చలించిన కొరియన్లు గాంధీజీ బాటలో సియోల్ తప్గోల్ పార్కులో స్వాతంత్ర్యం ప్రకటించారు. 33 మంది నాయకులు అక్కడి రాతి పగోడా ఎక్కి ప్రకటన చదివారు. శాంతియుతం కాబట్టి జపాన్ ఒక్క తూటా పేల్చలేదు. గర్వపడితే షేర్ చేయండి."

అప్పటికి కొరియా జపాన్ పాలనలో ఉంది. సియోల్‌లో జనం రోడ్డెక్కింది 1919 మార్చి 1న. జలియన్‌వాలాబాగ్ ఏప్రిల్ 13న. గాంధీ పిలుపిచ్చిన రౌలట్ హర్తాళ్ కూడా ఏప్రిల్ 6నే. ఆరు వారాల తర్వాత జరగబోయేదానికి ముందే చలించడానికి వాళ్ళేమన్నా బ్రహ్మంగారి శిష్యులా? వాళ్ళ మంట వాళ్ళకుంది. జనవరిలో మాజీ రాజు గోజోంగ్ పోయాడు, విషం పెట్టారని పుకారు. మార్చి 3న అంత్యక్రియలని ఊళ్ళ నుంచి జనం అప్పటికే సియోల్ చేరుతున్నారు.

పగోడా 1467 నాటిది, ఎవరూ ఎక్కలేదు. ప్రకటన చదివింది పార్కులోని ఎనిమిది మూలల మండపం దగ్గర, అదీ ఓ యువకుడు. సంతకాలు పెట్టిన 33 మందిలో 29 మంది దగ్గర్లోని హోటల్లో కూర్చుని, తామే పోలీసులకు కబురుపెట్టి అరెస్టయ్యారు. పార్కుకొస్తే గొడవ ముదురుతుందని భయం. ఎదురుచూసిన విద్యార్థులకు ఒళ్ళు మండింది, మండదా మరి!

"శాంతియుతం" అన్న ముక్క మాత్రం ఆ రోజుకు నిజమే, ఒప్పుకుంటాను. తర్వాత కొన్ని ఊళ్ళలో జనం పోలీసు ఠాణాల మీద పడ్డారు, అదీ దాచక్కర్లేదు.

కానీ "ఒక్క తూటా"? చచ్చిపోయినవాళ్ళు 553 మందని జపాన్ అధికారుల లెక్కే చెప్తోంది. కొరియా వాళ్ళ లెక్కలో అది వేలల్లో ఉంది. ఏప్రిల్ 15న సువోన్ దగ్గర జేయమ్‌రి ఊళ్ళో సైనికులు మగవాళ్ళను మాట్లాడాలని చర్చిలోకి పిలిచారు. తలుపులు మూశారు. కాల్చారు, ఆ పైన చర్చికి నిప్పుపెట్టారు. ఇరవై మందికి పైనే పోయారు. కెనడా మిషనరీ ఫ్రాంక్ స్కోఫీల్డ్, పోలియోతో కాలు సరిగా లేని మనిషి, సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళి ఆ బూడిదను ఫోటోలు తీశాడు కాబట్టి లోకానికి తెలిసింది. సైనికులను నడిపించిన లెఫ్టినెంట్‌ను మిలిటరీ కోర్టు నిర్దోషి అంది. ఇప్పుడు మన గ్రూపులు కూడా అదే తీర్పిస్తున్నాయి, పైగా గులాబీల ఎమోజీలతో!

అడ్మిన్‌గారూ, పగోడా ఎక్కిస్తే ఎక్కించండి, గాంధీని కలిపితే కలపండి. ఆ తూటా వాక్యం ఒక్కటీ తీసేసి పంపండి.