2000 వాట్ల పీక్ పవర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 2000 వాట్ల పీక్ పవర్ గారి దివ్య సముఖమునకు,

హైదరాబాద్‌లో రిసెప్షన్లలో, బారసాలల్లో, అపార్ట్‌మెంట్ల చవితి పందిళ్లలో పాడుకుని బతికే ఒక చిన్న బ్యాండ్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీ కుశలం గురించి అడగక్కర్లేదు. కోఠీ గుజరాతీ గల్లీలో ఏ షాపు ముందు నిలబడినా తెలిసిపోతోంది. ఆంప్లిఫయర్ లోపలే ఉండే పవర్డ్ స్పీకర్లలో ఏ అట్టపెట్టె చూసినా దాని మీద మీరే. కంపెనీ పేరు చదవడానికి కళ్లజోడు పెట్టుకోవాలి. మీరు మాత్రం రోడ్డుకు అవతలి వైపు నుంచి కూడా కనిపిస్తారు, పక్కన ఒక మెరుపు బొమ్మతో సహా.

మా అవసరం చాలా చిన్నది. ఒక గాయని, పాడుతూ గిటారు వాయించే ఒకాయన, కీబోర్డు, డ్రమ్స్ బదులు కొట్టే ఎలక్ట్రానిక్ ప్యాడ్స్. రెండొందల మంది బిర్యానీ తింటూ వినే హాలు. సామానంతా కారు డిక్కీలో పట్టాలి. లిఫ్ట్ పనిచేయని రోజు మేడ మీదికి మేమే మోయగలగాలి. సౌండ్ చూసుకునే మనిషి విడిగా ఉండడు, పాడేవాళ్లే పాటకీ పాటకీ మధ్య నాబ్ తిప్పుకోవాలి. ఇదంతా షాపు ఆయనకు చెప్పాం. ఆయన ఓపిగ్గా తల ఊపుతూ విని, "అయితే 2000 వాట్స్ తీసుకెళ్లండి సార్" అన్నాడు. మాకంటే ముందు వచ్చినాయన యోగా క్లాసుకి స్పీకర్ అడిగితే అతనికీ అదే చెప్పాడు. శవాసనానికి 2000 వాట్లు.

మీ వంశం గురించి కొంచెం తెలుసు లెండి. మీ తాతగారు పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) గారిని తొంభైల్లో ప్రతి టేప్ రికార్డర్ మీదా, కంప్యూటర్ పక్కన పెట్టే అరచేతంత ప్లాస్టిక్ స్పీకర్ల మీదా చూశాం. లోపల నిజంగా ఉన్నది అయిదో పదో వాట్లు, పైన వేలల్లో స్టిక్కర్. ఆయన్ని ఎలా కొలిచేవారో చెప్పే ప్రమాణమేదీ ఉండేది కాదు, ఎవరికి తోచిన లెక్క వాళ్లది. జనం నవ్వడం మొదలుపెట్టాక ఆయన తప్పుకున్నారు, మీరు గద్దెనెక్కారు. మీకు చదువు కాస్త ఎక్కువ, ఇస్త్రీ చొక్కా వేసుకుంటారు. ముక్కు మాత్రం తాతగారిదే.

మీరు పూర్తిగా అబద్ధం అని మేం అనడం లేదు. డ్రమ్ మీద దెబ్బ పడిన ఆ లిప్తపాటు, ఆంప్లిఫయర్ లోపల కెపాసిటర్లలో దాచుకున్న శక్తి అంతా ఒక్కసారి బయటికి వచ్చినప్పుడు, మీరు నిజమే. ఆ తర్వాత మాయం. పాటంతా నిలబడి పనిచేసేది కంటిన్యువస్ పవర్ అనే ఇంకో పెద్దమనిషి. ఆయన మీలో సగం ఉండొచ్చు, పావు వంతు ఉండొచ్చు, అంతకంటే తక్కువా ఉండొచ్చు. ఊరు ఊరంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు కాబట్టి తేలిగ్గా చెప్పాలంటే, మీరు ఆఫర్ లెటర్‌లో సీటీసీ, ఒకటో తారీఖున ఖాతాలో పడేది ఆయన. మంచి కంపెనీలు ఇద్దరి పేర్లూ కరపత్రంలో వేస్తాయి. కొన్ని మిమ్మల్ని మాత్రం అట్టపెట్టె మీద వేసి, ఆయన్ని మాన్యువల్ చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో దాస్తాయి.

మా ప్యాడ్స్ వాయించే అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా. వాడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడగమన్నాడు. ఫంక్షన్ హాలు స్టేజీ వెనక ఉండేది 6 ఆంపియర్ల సాకెట్. మన కరెంటు 230 వోల్టులు. రెండూ గుణిస్తే 1380 వాట్లు. అదే సాకెట్ నుంచి కీబోర్డు, పెళ్లివారి సీరియల్ బల్బులు, సోఫా పక్కన పెట్టిన ఫ్యాను కూడా లాగుతున్నాయి. ఆ ఎక్స్‌టెన్షన్ బాక్సుకే మీలాంటివాళ్లు ఇద్దరు, కుడికొకరు ఎడమకొకరు, తగులుకుని ఉన్నారు. ఇద్దరి 4000 వాట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి సార్? ఫ్యూజు ఎందుకు పోవడం లేదు? ఫ్యూజుకి మీరెవరో తెలిసిపోయిందన్నమాట.

పోనీ, మీరు అచ్చంగా 2000 వాట్లే అనుకుందాం. 1000 వాట్ల పెట్టె పక్కన మిమ్మల్ని పెట్టి, మిగతావన్నీ సమానంగా ఉంచితే వచ్చే తేడా 3 డెసిబెల్స్. జాగ్రత్తగా చెవి పెడితే "కొంచెం పెరిగినట్టుందే" అనిపించేంత. చెవికి రెట్టింపు గట్టిగా వినిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల వాట్లు. వెయ్యి వాట్ల పెట్టెకు రెట్టింపు మోత కావాలంటే పది వేల వాట్లు తేవాలి. పైగా ఒకే ఒక్క వాటుకు, మీటరు దూరంలో, 98 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ 250 వాట్లతో చేసే పనికి, 95 ఇచ్చే స్పీకర్ 500 వాట్లు తింటుంది. ఎక్కువ తినేవాడిదే పెద్ద స్టిక్కర్. ఆ తిన్నదాంట్లో శబ్దంగా మారేది నూటికి ఏవో కొన్ని పాళ్లే, మిగతాదంతా కాయిల్‌లో వేడి. డిసెంబరులో అయితే స్టేజీ మీద చలికాచుకోవచ్చు.

మీ బంధువర్గం కూడా తక్కువేం కాదు. మీ పక్కనే నిలబడి, స్పీకర్ ఎంత మోత మోగగలదో చాటే 'గరిష్ఠ ఎస్పీఎల్ 130 డెసిబెల్స్' గారు తనను మీటరు దూరంలో లెక్కగట్టారన్న సంగతి చెప్పరు. స్పీకర్‌కి మీటరు దూరంలో కూర్చుని రిసెప్షన్ పాటలు వినేది గిఫ్టు కవర్లు రాసుకునే బావగారు ఒక్కరే. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ పోతాయి. 16 మీటర్ల దూరంలో ఉన్న జిలేబీ కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి 24 తగ్గుతాయి. ఇంకో బంధువు, స్పీకర్ ఎంత కింది స్వరం దాకా దిగగలదో చెప్పే '40 హెర్ట్జ్ నుంచి' గారు. బేస్ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్, కాబట్టి 8 అంగుళాల స్పీకర్ దాన్ని పలికించేస్తుందని మనం మురిసిపోవాలి. పక్కన బ్రాకెట్లో 'మైనస్ 10 డీబీ' అని ఉంటుంది. అంటే ఆ తీగ దగ్గరికి వచ్చేసరికి శబ్దం చెవికి సగమైపోతుంది. ప్యాడ్ మీద కిక్ కొడితే "ధమ్" బదులు "టప్" అంటుంది. దానికి కావలసింది 12 అంగుళాల కోనో, విడిగా చిన్న సబ్‌వూఫరో. మీరు కాదు.

అసలు మేం మిమ్మల్ని కాకుండా పెట్టె వెనక్కి తిప్పి చూస్తుంటే షాపు ఆయనకు చిరాకేసింది. అక్కడే ఉంది మా బతుకంతా. రెండు వోకల్ మైకులు, గిటారు, కీబోర్డుకి ఎడమా కుడీ, ప్యాడ్స్, ట్రాక్ కోసం ఫోను. లెక్కపెట్టండి. బోలెడన్ని కాంపాక్ట్ పెట్టెల వెనక మైకు పెట్టుకోదగ్గ బొక్కలు రెండే ఉంటాయి. మూడోది 'లైన్ ఇన్', మైకుకి పనికిరాదు. 2000 వాట్లున్న మీ ఇంట్లో మాలో ముగ్గురికి కూర్చోడానికి కుర్చీ లేదు. యమహా స్టేజ్‌పాస్ 400బీటీ లాంటిది చూస్తే, పేరులో 400 మాత్రమే, అయినా ఎనిమిది చానెళ్ల మిక్సర్ వెంట వస్తుంది. మాలాంటి బ్యాండుకి ఏది పెద్దదో మీరే చెప్పండి. గిటారుని నేరుగా గుచ్చితే దాని పికప్‌కి తగిన హై ఇంపీడెన్స్ బొక్క కావాలి, లేకపోతే గిటారు సిగ్నల్‌ని మైకు బొక్కకు తగ్గట్టు మార్చే డీఐ బాక్స్ కొనాలి. లేదంటే తీగలకు జలుబు చేసినట్టుంటుంది. కండెన్సర్ మైకుకి మైకు వైరులోనే వెళ్లే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు కావాలి. ఈ 48 గారు ఎంత అణకువగల మనిషో. పెట్టె మీద ఎక్కడా ఫోటో వేయించుకోడు.

బ్లూటూత్ గురించి ఒక్క మాట, మీకు సంబంధం లేకపోయినా. దాన్ని తెరిచి వదిలేస్తే పెళ్లికొడుకు బాబాయి ఫోను ఎక్కుతుంది. పల్లవికీ చరణానికీ మధ్య "శుభోదయం" వీడియో మోగుతుంది.

పొడవాటి కర్రలా ఉండే కాలమ్ సిస్టమ్‌లు కూడా చూశాం. 2003లో బోస్ వాళ్లు ఎల్1 తెచ్చినప్పుడు చెప్పిన ఆలోచన మాకు నచ్చింది. కర్రని బ్యాండు వెనక నిలబెడితే జనం వినేదే మేమూ వింటాం, మా పాట మాకు వినిపించడానికి కాళ్ల దగ్గర పెట్టుకునే మానిటర్ స్పీకర్లు అక్కర్లేదు. శబ్దం అడ్డంగా పరుచుకుంటుంది, నిలువుగా తక్కువ వెళ్తుంది. గ్రానైట్ నేల, అద్దాల గోడ, పీఓపీ సీలింగ్ ఉన్న మన బాంక్వెట్ హాళ్లలో ఇది పెద్ద వరం. సీలింగ్‌కి పాట వినిపించాల్సిన పని మాకు లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చవితి పందిరికి కూడా ఇదే నయం, అక్కడ పైకప్పు తలకి తగులుతుంటుంది. కానీ వెనక నిలబెట్టిన కర్ర మైకు మూతిలోకే చూస్తుంది. గాయని కాస్త పక్కకు జరగకపోతే గుయ్యిమంటుంది. లాన్‌లో అయితే జనం లేచి నిలబడగానే ముందు వరుస తలకాయలే శబ్దాన్ని మింగేస్తాయి. అక్కడ 35 మిల్లీమీటర్ల గొట్టం మీద తలలకి పైన ఎక్కించిన రెండు మామూలు పెట్టెలదే రాజ్యం.

ఇప్పుడు అసలు సంగతి. గుయ్యిమన్నాక మీ పని ఏమిటి? మైకు కూత మొదలైందంటే ఇక నాబ్ పైకి తిప్పలేం. ఆ క్షణంలో మేం వాడుతున్నది మీలో ఏ వంద వాట్లో. మిగిలిన 1900 వాట్లు లోపల కాలు మీద కాలేసుకుని కూర్చుంటాయి. డబ్బు మాత్రం వాటికీ కట్టాం. మా గాయని మైకుని నోటికి నాలుగు అంగుళాల దూరంలో పట్టుకుంటుంది. రెండు అంగుళాలకు తెచ్చుకుంటే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, కూత మొదలవకుండానే. 6 డెసిబెల్స్ అంటే నాలుగు రెట్ల వాట్లు. అంటే ఆ అమ్మాయి చెయ్యి రెండంగుళాలు కదిపితే 500 వాట్లు 2000 వాట్లయిపోతాయి, నయాపైసా ఖర్చు లేకుండా. మీ జన్మంతా ఆ రెండంగుళాల్లో ఉంది. అందుకే కాబోలు, ఏ షాపులోనూ ఈ ముక్క చెప్పరు. 1966లో వచ్చిన షూర్ ఎస్ఎం58 మైకు ఇప్పటికీ స్టేజీల మీద తిరుగుతోంది, దాని పెట్టె మీద ఒక్క వాటు కూడా రాసి లేదు పాపం. దాని జాలీ మొత్తం గుప్పిట్లో మూసి పాడే వరుడి స్నేహితులు ఉంటారు. వాళ్లని ఆపే వాట్లు మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఇంత చేసి, మిమ్మల్ని పూర్తిగా విప్పే అవకాశం ఈ దేశంలో మాకెక్కడుంది చెప్పండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ల మధ్య పగటి హద్దు 55 డెసిబెల్స్. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. పండగలకి ఏడాదిలో 15 రోజులకు మించకుండా ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు, అంతే. పది దాటాక వచ్చే ఎస్సై గారు పీకా కంటిన్యువసా అని అడగరు. వైరు ఎక్కడుందని అడుగుతారు.

మొత్తానికి మేం కొనేశాం. 10 అంగుళాల పెట్టెలు రెండు, ఒక్కొక్కటీ ఒంటి చేత్తో ఎత్తగలిగేంత బరువు, విడిగా ఎనిమిది చానెళ్ల చిన్న మిక్సర్. బేస్ గిటారు ఉన్న రోజు సబ్ అద్దెకి తెస్తాం. ఆ పెట్టెల మీద కూడా మీరే ఉన్నారు. పొంగిపోకండి. షాపులో మా మైకు, మా కీబోర్డు తగిలించి, మా గాయని చేత పాడించుకుని, షట్టర్ దగ్గర నిలబడి మాటలు అర్థమవుతున్నాయో లేదో విని కొన్నాం. ఆ సేపంతా ప్యాడ్స్ అబ్బాయి మీ మీద తన కర్చీఫ్ కప్పి ఉంచాడు.

మీ కొడుకు 3000 వాట్లు గారు అప్పుడే పక్క షాపు అద్దాల్లోకి వచ్చేశారని విన్నాం. మా ఆశీస్సులు అందజేయగలరు.

ఇట్లు
మీ విధేయులు
నలుగురు మనుషులు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు

తా.క.: పెట్టె మీద మీ స్టిక్కర్ ఊడదీద్దామని గోటితో గీకాం, కిరోసిన్ రాశాం, వేణ్నీళ్లు పోశాం, ఊడలేదు. ఆ గమ్ పేరేమిటో దయచేసి తెలియజేయగలరు. రిసెప్షన్ స్టేజీల మీద థర్మాకోల్ అక్షరాలు రెండో పాటకే ఊడిపడుతున్నాయి. మొన్న పెళ్లికూతురి పేరులో సగం కీబోర్డు మీద పడింది.