వేలంలో దొరికే సొంతగడ్డ

2024 మార్చి ఆఖర్లో అమెరికా కాలేజీ ఐస్ హాకీలో మిషిగన్, మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయాల జట్లు ఫ్రోజెన్ ఫోర్ (చివరి నాలుగు జట్లు ఆడే సెమీఫైనల్ దశ) బెర్తు కోసం తలపడ్డాయి. వాటి ఊళ్లు ఆన్ ఆర్బర్‌కూ ఈస్ట్ లాన్సింగ్‌కూ మధ్య కారులో గంట ప్రయాణం. మిషిగన్ సొంత రింకు (మంచు ఆటస్థలం) యోస్ట్‌లో దాదాపు 5,800 మంది పడతారు. ఆట మాత్రం సెయింట్ లూయిస్ శివారు మేరీలాండ్ హైట్స్‌లో, సుమారు 2,500 సీట్ల రింకులో పెట్టారు. అభిమాని సుమారు ఎనిమిది గంటలు డ్రైవ్ చేయాలి, లేదా టీవీతో సరిపెట్టుకోవాలి. ఆ రెండు క్యాంపస్‌లలో చదివే మన తెలుగు పిల్లలదీ అదే పరిస్థితి.

అమెరికా కాలేజీ ఐస్ హాకీ పురుషుల టోర్నీలో 16 జట్లు నాలుగు ప్రాంతీయ వేదికల్లో ఆడతాయి. ఆ వేదికలు బిడ్ల మీద, ఏళ్ల ముందే ఖరారవుతాయి. 2022 నుంచి 2026 వరకూ ఎక్కడాడాలో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 2020 అక్టోబరులోనే ప్రకటించేసింది. ఏ జట్టు బలంగా ఉంటుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

తటస్థ వేదిక కోరేవారి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. 1998లో మిషిగన్ తన యోస్ట్‌లోనే, తన జనం హోరు మధ్య నార్త్ డకోటాను 4-3తో ఓడించి, ఆ ఊపులో టైటిల్ కూడా ఎగరేసుకుపోయింది. ఓడిన జట్టుకు కడుపు మండదా? అలాంటి మొగ్గు ఉండకూడదన్నదే తటస్థతకు మూలం.

మరి ఆ మొగ్గు పోయిందా? ఆతిథ్యమిచ్చే విశ్వవిద్యాలయం టోర్నీకి అర్హత సాధిస్తే దాన్ని ఆ వేదికకే పంపాలన్న నిబంధన ఉంది. 2025లో అలెన్‌టౌన్ వేదికకు ఆతిథ్యం పెన్ స్టేట్‌ది. ఆ వేదికలోని నాలుగు జట్లలో అది చిట్టచివరి సీడ్ (సీజన్ ఆటను బట్టి ఇచ్చే ర్యాంకు). ఏడాది పొడవునా ఆడి ఒకటో సీడ్ తెచ్చుకున్న మెయిన్ రాష్ట్రపు జట్టు ఎక్కడో ఈశాన్య మూల నుంచి పెన్సిల్వేనియాకు వచ్చి, పెన్సిల్వేనియా జట్టు చేతిలో 5-1తో చిత్తయింది. పెన్ స్టేట్ బాగా ఆడింది, గెలుపు దానిదే. ఆ తర్వాత కనెక్టికట్‌నూ ఓడించి తొలిసారి ఫ్రోజెన్ ఫోర్‌కు చేరింది. మా అభ్యంతరం జట్టు మీద కాదు. సొంతగడ్డ బలం ఇప్పటికీ ఉంది, కానీ సీజన్‌లో గెలిచినవాడికి కాక బిడ్ వేసినవాడికి దక్కుతోంది. అంతకు ముందేడు స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనూ ఇంతే. ఒకటో సీడ్ డెన్వర్ కొలరాడో నుంచి మసాచుసెట్స్ దాకా వెళ్లి, అరగంట దూరంలోని యూమాస్ (మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం) జట్టుతో ఆడాల్సి వచ్చింది. రెండు అదనపు సమయాలు ఆడాక 2-1తో బయటపడింది.

పోనీ హాలు నిండుతుందా అంటే అదీ జూదమే. 2025లో ఒహాయో రాష్ట్రంలోని టొలీడో వేదికకు దగ్గరి జట్లు ఒహాయో స్టేట్, మిషిగన్ స్టేట్ తొలి రోజే ఓడాయి. అక్కడి ప్రాంతీయ ఫైనల్లో మిగిలింది బోస్టన్ యూనివర్సిటీ, కార్నెల్.

ఇదే క్రీడలో మహిళల టోర్నీలో తొలి రౌండ్లు మేటి సీడ్ల క్యాంపస్‌లలోనే జరుగుతున్నాయి. మంచు, హోటళ్లు, టీవీ ఏర్పాట్లు కుదరవన్న సాకు అక్కడ అడ్డు రాలేదు. చిన్న కాలేజీల రింకులు ఇరుకన్న మాట నిజమే, అయితే మేరీలాండ్ హైట్స్‌ను ఎంచుకున్నవారు ఆ మాట ఎత్తకపోవడమే మేలు.

పురుషుల టోర్నీలోనూ తొలి ఎనిమిది ఆటలను పై ఎనిమిది సీడ్ల సొంత రింకుల్లో ఆడించాలి. క్వార్టర్ ఫైనళ్లు కావాలంటే బిడ్ వేసిన నగరాలకే ఇవ్వొచ్చు, ఆతిథ్య జట్టును అక్కడికే పంపే నిబంధన మాత్రం తీసేయాలి. 2028 వరకూ వేదికలు ఇప్పటికే పంచేశారు కాబట్టి వాటిని కదిలించడం కష్టం. ఆపై సంవత్సరాలకు బిడ్లు పిలవక ముందే కమిటీ ఈ మార్పు తేల్చాలి.