ఆ స్కోరు కాగితాలు ఎక్కడ?

సినిమా సంగీతానికి కచేరీ హాల్లో చోటు లేదన్న పాత పట్టింపు దాదాపు పోయింది. 2020 జనవరిలో వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా హాలీవుడ్ స్వరకర్త జాన్ విలియమ్స్‌ను పిలిచి, ఆయన సినిమా సంగీతాన్ని ఆయన చేతనే కండక్ట్ చేయించింది. మరుసటి ఏడాది బెర్లిన్ ఫిల్హార్మోనిక్ కూడా అదే పని చేసింది. జపాన్ స్వరకర్త తోరు టకెమిట్సు అయితే ఆర్కెస్ట్రాలకు రాస్తూనే దాదాపు వంద సినిమాలకు సంగీతం ఇచ్చారు. ఆయనకు ఈ రెండూ వేరు కావు.

వేదిక దొరికింది, సంతోషం. కానీ వాయించడానికి ముందు కాగితం, అంటే ఏ వాద్యం ఏ స్వరం పలకాలో రాసిన స్కోరు, ఉండాలి కదా!

1970 ప్రాంతంలో హాలీవుడ్‌లోని ఎంజీఎం స్టూడియో తన సంగీత భాండారాన్ని ఖాళీ చేసింది. దశాబ్దాలుగా పోగైన పూర్తి స్కోర్లు, ఒక్కో వాద్యకారుడికి విడిగా రాసిచ్చే పార్టులు చెత్తలో కలిశాయి. బ్రిటిష్ కండక్టర్ జాన్ విల్సన్ ఆ స్టూడియో సినిమాల సంగీతాన్ని మళ్లీ వినిపించాలనుకున్నప్పుడు, సినిమాలు పదే పదే వింటూ ఏ వాద్యం ఏ స్వరం పలికిందో చెవితో పట్టుకుని తిరగరాయాల్సి వచ్చింది. ఆ ఓపికకు దండం పెట్టాల్సిందే. అయినా ఒకసారి రాసిన సంగీతాన్ని మళ్లీ రాసే అవస్థ ఎందుకు రావాలి?

హాలీవుడ్ స్వరకర్త అలెక్స్ నార్త్ సంగతి చూడండి. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' కోసం ఆయన రాసిన సంగీతాన్ని దర్శకుడు కుబ్రిక్ పక్కన పెట్టి, శాస్త్రీయ స్వరకర్తలు లిగెటి, స్ట్రాస్‌ల రచనలు వాడుకున్నారు. ఆ విషయం నార్త్‌కు 1968లో తెర మీద సినిమా చూసేదాకా తెలియదు. ఎంత బాధపడి ఉంటారో! కానీ స్కోరు మిగిలింది. అందుకే ఆయన పోయిన రెండేళ్లకు, 1993లో, మరో హాలీవుడ్ స్వరకర్త జెర్రీ గోల్డ్‌స్మిత్ దాన్ని ఆర్కెస్ట్రాతో రికార్డు చేయగలిగారు.

ఇప్పుడు ముప్పు మరో రూపంలో ఉంది. చాలా స్కోర్లు కంప్యూటర్ ఫైళ్లలోనే పుడుతున్నాయి. సాఫ్ట్‌వేర్ మారితే పదేళ్ల నాటి ఫైలు కూడా తెరుచుకోకపోవచ్చు. పైగా హక్కులు ఎక్కువగా స్టూడియోలవే కాబట్టి, తాను రాసిన స్కోరును అచ్చువేయించుకునే వీలు స్వరకర్తకు చాలాసార్లు ఉండదు.

హక్కులు వదులుకోమని మేము స్టూడియోలను అడగడం లేదు. రికార్డింగ్ అయిపోగానే పూర్తి స్కోరు ఒక ప్రతిని అచ్చులోనూ, ఎప్పటికీ తెరుచుకునే మామూలు ఫైలుగానూ ఏదైనా సంగీత గ్రంథాలయంలో భద్రపరచాలి. విద్యార్థులు అక్కడికి వెళ్లి చదువుకునే వీలుండాలి. ఆర్కెస్ట్రాలు తగిన అద్దె కట్టి పార్టులు తీసుకోగలగాలి. స్వరకర్తలు సంతకం పెట్టే ముందే ఈ షరతు కాంట్రాక్టులో రాయించుకోవాలి.