అప్పు కార్పొరేషన్ పేరు మీదున్నా కట్టేది జనమే

తెలంగాణ రాష్ట్ర అప్పులకు పింఛన్లు, ఉచిత పథకాలే కారణమన్నట్టు ఈమధ్య ఒక కథనంలో రాశారు. నేను ఒప్పుకోను. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్‌లో అసెంబ్లీలో పెట్టిన శ్వేతపత్రం ప్రకారం 2014-15లో 72,658 కోట్లున్న అప్పు 6.71 లక్షల కోట్లకు చేరింది. అందులో పెద్ద భాగం ప్రభుత్వ కార్పొరేషన్ల పేరు మీద, చాలావరకు ప్రభుత్వ గ్యారంటీతో తెచ్చినదే. కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టుకూ అలాగే తెచ్చారు. 2023 అక్టోబర్‌లో ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. అక్కడ నీళ్లు నిలవకపోయినా అప్పు మీద వడ్డీ మాత్రం కట్టాల్సిందే కదా!

ఆ డబ్బు మన పన్నుల్లోంచే పోతుంది. పెట్రోలు మీద వ్యాట్ 35.20 శాతం. పాత బండి మీద కూలికి వెళ్లేవాడూ లీటరుకు అంతే కడుతున్నాడు. అతన్ని పట్టుకుని పన్ను కట్టనివాడు, ఉచితాలు తినేవాడు అనడం చాలా అన్యాయం.

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక బయటికొచ్చేసరికి డబ్బంతా ఖర్చయిపోయి ఉంటుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా సరే, కార్పొరేషన్ తెచ్చే ప్రతి రుణాన్నీ సంతకం పెట్టకముందే అసెంబ్లీలో చర్చకు పెట్టాలి. తిరిగి ఎలా కడతారో అక్కడే చెప్పాలి.