వేసిన గొట్టం తీసేదెవరు?

డీజే స్టెంట్ అనే మెత్తటి గొట్టం. పొడవు జానెడుకు కాస్త పైన, మందం అగ్గిపుల్లంత. రెండు కొసలూ కొక్కేల్లా చుట్టుకుని ఉంటాయి. పై చుట్ట కిడ్నీలో, కింది చుట్ట మూత్రాశయంలో కూర్చుంటుంది. రాయి తీసినప్పుడు వాచిన మూత్రనాళం (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే దారి) మూసుకుపోకుండా ఇది కాపాడుతుంది. చాలామందికి రెండు నుంచి ఆరు వారాల్లో దాని అవసరం తీరిపోతుంది. తీయడానికి కత్తి కూడా పెట్టక్కర్లేదు. మూత్రమార్గంలో మత్తు జెల్లీ వేసి, సిస్టోస్కోప్ (మూత్రాశయం లోపల చూసే సన్నటి గొట్టం) పంపి, కింది చుట్టను ఫోర్సెప్స్ అనే పట్టకారుతో పట్టి లాగితే పది నిమిషాల్లో బయటికి వస్తుంది. ఇంత చిన్న పని జరగక కిడ్నీకే ఎసరు వచ్చేది ఎవరికో ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ జిల్లాల్లో విడమరిచి చెప్పక్కర్లేదు: వలస పోయేవాళ్లకు.

రాజధానిలో రాళ్ల ఆపరేషన్ అవుతుంది. రెండో రోజో మూడో రోజో ఇంటికి పంపుతారు. చేతిలో పెట్టిన కాగితం ఇంగ్లిషులో ఉంటుంది. నాలుగు వారాలకు మళ్లీ రావాలన్న ముక్క మందుల పట్టీ కింద, ఆఖరి వరసలో ఉంటుంది. మనిషి అప్పటికే కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉన్నాడు. నొప్పి తగ్గింది, ముంబై బస్సెక్కుతాడు. అక్కడ ఒంటేలుకు పోయినప్పుడల్లా మంట, నడుంలో లాగినట్టు ఉండడం, బరువు మోసిన రోజు మూత్రం ఎర్రగా రావడం. మళ్లీ రాయి పుట్టిందనుకుని నొప్పి సూది వేయించుకుంటాడు. మూడు నెలలు దాటితే గొట్టం మీద లవణాలు పేరుకోవడం ఎక్కువవుతుంది. ఏళ్లు గడిస్తే రెండు చుట్టలూ రాళ్ల ఉండలవుతాయి, నడుమ గొట్టం పెళుసెక్కి విరుగుతుంది. ఆ స్థితిలో బలంగా లాగితే మూత్రనాళమే చిరిగి ఊడి రావచ్చు. అందుకే ముందు ఎక్స్‌రే తీసి, కింది రాయిని మూత్రాశయంలోనే పగలగొట్టి, నాళంలోకి యూరెటెరోస్కోప్ అనే సన్నటి దుర్భిణి పంపి, పై ఉండకు వీపు నుంచి రంధ్రం చేసి రాయి తీసే పీసీఎన్‌ఎల్ చేయాల్సి వస్తుంది. పది నిమిషాల పని రెండు మూడు ఆపరేషన్లవుతుంది.

తప్పు రోగిది అనడం సులువు. మేం మాత్రం ముందు చదువు చెప్పే తీరును అడుగుతున్నాం. మూత్రవ్యవస్థ వైద్యమైన యూరాలజీలో సూపర్ స్పెషాలిటీ డిగ్రీ ఎంసీహెచ్ చేయాలంటే ఎంబీబీఎస్, ఆపైన మూడేళ్ల ఎంఎస్ జనరల్ సర్జరీ, నీట్ సూపర్ స్పెషాలిటీ, మళ్లీ మూడేళ్లు. ఈ చివరి మూడేళ్లలో రెసిడెంట్ (ఆస్పత్రిలో పనిచేస్తూ చదివే డాక్టరు) తన లాగ్‌బుక్‌లో చూసిన ఆపరేషన్లు, సాయం చేసినవి, సొంతంగా చేసినవి రాసుకుంటూ పోతాడు. వేసిన స్టెంటు ఒక కేసుగా ఎక్కుతుంది. అది బయటికి వచ్చిందా లేదా అన్నది ఆ కేసుకు సంబంధం లేని సంగతి. ఇంకో మాట. నాళానికి గాయం కాకుండా, ముక్క మిగలకుండా, ఇన్ఫెక్షన్ లేకుండా రాయి వచ్చేస్తే ప్రతివాళ్లకూ స్టెంటు అక్కర్లేదు. స్టెంటు వేయకుండా ముగించే ధైర్యం కూడా గురువులు నేర్పాల్సిన విద్యే.

తెలంగాణలో ప్రభుత్వ రంగంలో ఈ చదువు చాలావరకు నిమ్స్, ఉస్మానియా, గాంధీల చుట్టూ, అంటే హైదరాబాద్‌లోనే తిరుగుతోంది. ఈలోగా దక్షిణాన మెడికల్ కాలేజీలు వచ్చాయి. 2016లో మహబూబ్‌నగర్, 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తి, 2024లో గద్వాల, నారాయణపేట. ఎంఎస్, ఎండీ చదివేవాళ్లు 3 నెలలు జిల్లా ఆస్పత్రుల్లో పనిచేయాలన్న నిబంధన ఉంది. ఎంసీహెచ్ వాళ్లకు అది లేదు. ప్రభుత్వం, కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం కలిసి ఆ ఖాళీని పూరించాలి. రెండో ఏడాది యూరాలజీ రెసిడెంట్లను ఇద్దరిద్దరిగా, 3 నెలల వంతున, మహబూబ్‌నగర్‌కూ నల్లగొండకూ పంపాలి. పీసీఎన్‌ఎల్‌లో కిడ్నీలోకి తొలి సూది గుచ్చడం చేతికి రావాలంటే పదుల కేసులు కావాలి, వాటికి హైదరాబాదే చోటు. జిల్లాలో నేర్చేవి వేరే ఉన్నాయి.

మొదటిది యూరిన్ పైపు. చదువులో దీని కన్నా తక్కువ చూపుకు నోచుకున్న పని లేదు, దీని కన్నా ఎక్కువ చెడగొట్టే పనీ లేదు. మూత్రం బందై వచ్చిన పెద్దాయనకు 14 లేదా 16 ఫ్రెంచ్ కొలత ఫోలీ (లోపల బెలూన్‌తో నిలిచే పైపు) చాలు. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు, కాబట్టి 16 అంటే అయిదు మిల్లీమీటర్ల చిల్లర. రెండు శాతం లిగ్నోకెయిన్ అనే మత్తు జెల్లీ 10 నుంచి 15 మిల్లీలీటర్లు ఎక్కించి, మూడు నుంచి అయిదు నిమిషాలు ఆగాలి. ఎవరూ ఆగరు. జెల్లీ పోసిన చేత్తోనే పైపు తోస్తారు, రోగి బిగుసుకుంటాడు, లోపలి కండరం మూసుకుంటుంది, పైపు ప్రోస్టేట్ దగ్గర ఆగిపోతుంది. అక్కడే బెలూన్ ఉబ్బిస్తే మూత్రమార్గం చిట్లి రక్తం కారుతుంది, కొన్నాళ్లకు అదే చోట మార్గం కుంచించుకుపోతుంది. సరైన పద్ధతి ఏమిటంటే, పైపును అది రెండుగా చీలే చోటు దాకా పూర్తిగా పంపాలి, మూత్రం కళ్లబడాలి, ఆ తర్వాతే బెలూన్‌లో 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ ఎక్కించాలి. సెలైన్ ఎక్కిస్తే ఉప్పు గడ్డకట్టి బెలూన్‌కు పోయే సన్నటి దారి మూసుకుపోవచ్చు, తీయాల్సిన రోజు బెలూన్ దిగదు. పైపు వేశాక, వెనక్కి లాగిన ముందోలును మళ్లీ యథాస్థానంలో సర్దాలి. మరిచిపోతే తెల్లారేసరికి వాచి బిగుసుకుంటుంది. పైపు పోకపోతే రెండోసారి బలం పెట్టకూడదు. మూత్రాశయం నిండి ఉందని అల్ట్రాసౌండ్‌లో చూసి, జఘనాస్థికి రెండు వేళ్ల పైన పొట్ట మీదుగా గొట్టం వేయాలి. హౌస్ సర్జన్‌కు ఇది చూపించే మనిషి ఇవాళ జిల్లా వార్డులో రాత్రిపూట ఉండడు.

పైపు వేశాక కథ అయిపోదు. నెలల తరబడి నిండిన మూత్రాశయం ఒక్కసారి ఖాళీ అయితే కొందరికి కిడ్నీలు పట్టు తప్పి నీరు వదిలేస్తాయి. గంటకు 200 మిల్లీలీటర్లకు మించి వరసగా రెండు గంటలు వస్తే ప్రమాద ఘంటిక. గంట గంటకూ కొలిచి రాయాలి, సోడియం, పొటాషియం చూడాలి. పోయినంతా సెలైన్‌గా ఎక్కిస్తే ఆ వరద ఆగదు. మామూలుగా పోయినదాంట్లో సగం చాలు. కొలత గీతలు చెరిగిపోయిన సంచితో ఈ లెక్క ఎలా కుదురుతుందో కొనుగోళ్ల అధికారులే చెప్పాలి.

రాత్రి డ్యూటీ నేర్పే పాఠం ఇంకొకటి ఉంది. ప్రోస్టేట్ ఆపరేషన్ అయినవారికి 22 ఫ్రెంచ్ మూడు దారుల పైపు పెట్టి సెలైన్ ధార నడుపుతారు. రాత్రి రెండింటికి సంచిలోకి చుక్క రావడం ఆగుతుంది, పొత్తికడుపు బిగుస్తుంది, రోగి మంచం పట్టె పట్టుకుని మూలుగుతుంటాడు. కొత్తవాళ్లు చేసే మొదటి పని ధార వేగం పెంచడం. గడ్డకట్టిన రక్తం దారి మూసేసిన చోట ధార పెంచితే మూత్రాశయం ఇంకా ఉబ్బుతుంది. ముందు ధార ఆపాలి. 50 మిల్లీలీటర్ల వెడల్పు మూతి సిరంజితో సెలైన్ పంపి వెనక్కి లాగాలి. కాలేజం ముక్కల్లాంటి గడ్డలు వస్తాయి. గడ్డలు ఆగి నీరు లేత గులాబీ రంగుకు వచ్చేదాకా పదిసార్లయినా, ఇరవైసార్లయినా అదే పని. ఆ తర్వాతే ధార విప్పాలి. హడావిడిలో సెలైన్ బదులు డిస్టిల్డ్ వాటర్ తగిలించకుండా బాటిల్ మీది అక్షరాలు చదవడం కూడా అందులో భాగమే.

జిల్లా విలువ తెలిసేది చీముపట్టిన కిడ్నీ దగ్గర. రాయి అడ్డుపడి, చలిజ్వరం వచ్చి, బీపీ పడిపోతున్న మనిషిని కొల్లాపూర్ నుంచో ఆలంపూర్ నుంచో హైదరాబాద్ పంపితే 108లో మూడు నాలుగు గంటలు పోతాయి. అప్పుడు రాయి తీయడానికి చూడకూడదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఒత్తిడి దించాలి. కింది నుంచి స్టెంటు వేసినా సరే, వీపు నుంచి అల్ట్రాసౌండ్ చూస్తూ సూది గుచ్చి, తీగ మీదుగా 8 ఫ్రెంచ్ గొట్టం జార్చినా సరే. రెండోది లోకల్ మత్తుతో అయ్యే పని. రాయి సంగతి జ్వరం తగ్గాక, వారాల తర్వాత. కుర్రాళ్లలో వృషణం మెలిపడితే గడువు ఇంకా తక్కువ, సుమారు 6 గంటలు. రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కాన్ కోసం ఊళ్లు తిప్పకుండా జనరల్ సర్జనే విప్పి చూడాలి, రెండో వైపు కూడా కుట్టి నిలపాలి.

రాళ్లెందుకింత అంటే ఎండ, చెమట, పనిలో నీళ్లు తాగే తీరిక లేకపోవడం. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటంత నీళ్లు తాగమని చెప్పడం తేలికే. కంది చేలో, ఇటుక బట్టీ దగ్గర నీడ, మరుగుదొడ్డి లేని ఆడవాళ్లు తాగకుండానే గడుపుతారు. మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్ మాట వేరుగా గుర్తుంచుకోవాలి. దాన్ని ఒంట్లోంచి పంపేది ఎక్కువగా కిడ్నీలే. అవి దెబ్బతింటే ఫ్లోరైడ్ ఎముకల్లో మరింత పేరుకుంటుంది.

జిల్లాల్లో నేర్పేవాళ్లెక్కడున్నారు అన్నది మాకు వినబడే అభ్యంతరం. న్యాయమైనదే. రెసిడెంట్‌ను ఒంటరిగా పంపి ఖాళీ పోస్టు నింపామని చెప్పుకోవడానికి ఇది దారి కాకూడదు. వారానికి రెండు రోజులు ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ వచ్చి థియేటర్‌లో నిలబడాలి, మిగతా రోజుల్లో ఫోన్‌కు దొరకాలి. 2023 పీజీ నిబంధనలు పనిగంటలు సమంజసంగా ఉండాలన్నాయి తప్ప అంకె చెప్పలేదు. ఆ మాట చాటున 36 గంటలు నిలబెట్టిన చేతికి యూరెటెరోస్కోప్ ఇవ్వకూడదు. నాళం చిరిగేది బలం వల్లే, అలసిన చెయ్యి బలం పెడుతుంది.

సామాను కొండంత అక్కర్లేదు. సిస్టోస్కోప్ షీతులు (పై గొట్టాలు), 4 మిల్లీమీటర్ల 30 డిగ్రీల టెలిస్కోపులు రెండు, లైట్ కేబుల్, స్టెంటు తీసే ఫోర్సెప్స్, బల్ల దగ్గరే ఎక్స్‌రే చూపే సీ-ఆర్మ్, సీసపు ఏప్రాన్లు, థైరాయిడ్ కవచాలు. టెలిస్కోపు రెండోది ఎందుకంటే, కొంచెం వంగినా మొదటిది మసకబారుతుంది, బాగుచేయడానికి పంపితే అప్పటిదాకా థియేటర్ మూతే. లైట్ కేబుల్‌ను బిగుతుగా చుడితే లోపలి గాజు పోగులు తెగుతాయి. ఈ రెండు సంగతులూ థియేటర్ నర్సులకు మొదటి వారంలోనే నేర్పాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలయింది. రాయి తీసిన బిల్లుకు స్టెంటు తీసిన రుజువును ముడిపెడితే ఆస్పత్రులే రోగిని వెతుక్కుంటూ వస్తాయి.

అన్నిటికన్నా చవకైనది ఒక రిజిస్టరు. పేరు, ఊరు, ఏ వైపు కిడ్నీ, వేసిన తేదీ, తీయాల్సిన తేదీ, తీసిన తేదీ. చివరి గడి ఖాళీగా ఉన్నవాళ్లకు ప్రతి సోమవారం రెసిడెంటే ఫోన్ చేయాలి, లాగ్‌బుక్‌లో సంతకం ఆ గడి నిండాకే పడాలి. రోగి చేతిలో తెలుగులో, పెద్ద అక్షరాలతో, కిడ్నీలో గొట్టం ఉంది, ఫలానా తేదీకి తీయించుకోవాలి అన్న కార్డు పెట్టాలి. రిజిస్టర్లో గుంపు మేస్త్రి ఫోన్ నంబరుకూ ఒక గడి ఉండాలి, కూలీ సిమ్ మారినా మేస్త్రిది మారదు. పీర్ల పండుగకు, ఉగాదికి ముంబై బస్సులు దిగే వారంలో మహబూబ్‌నగర్, నారాయణపేటల్లో సిస్టోస్కోపీ బల్లను మరే కేసుకూ ఇవ్వకుండా ఉంచాలి.